వేరే ట్రే

కొత్త ఓవెన్ ఇంటికి రాగానే హైమకి కాలు నిలవలేదు. బ్యాంకులో తనతో పనిచేసే వినీలనీ, సత్యవాణినీ ఆదివారం మధ్యాహ్నం రాజమండ్రి దానవాయిపేటలోని తన ఇంటికి రమ్మంది, అందరూ కలిసి బిస్కెట్లు చేసుకుందామని. హైమది కోనసీమ అగ్రహారం. సత్యవాణిది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పదేళ్లుగా ఇద్దరూ పక్కపక్కన కూర్చునే క్యారేజీలు విప్పుకుంటున్నారు. కులం గిలం పట్టించుకునే మనిషిని కానని హైమకి తన మీద తనకి బోలెడంత నమ్మకం. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ మాట చెప్పుకునేది కూడా.

గుడ్డు లేకుండా వెన్న, పంచదార, మైదా పెద్ద గిన్నెలో వేశారు. సత్యవాణి చేతులు కడుక్కుని, గాజులు పైకి తోసుకుని, "జరగవే హైమా, నేను కలుపుతా," అంటూ ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో అత్తగారు నాగేశ్వరమ్మ దగ్గింది. హైమ గిన్నెని తన వైపు లాక్కుంది.

"వాణీ, మా అత్తగారికి కాస్త పట్టింపులే. నువ్వు ఈ చిన్న గిన్నెలో కలుపుకో. ట్రే కూడా వేరే పెడదాం, ఏం?"

వినీల తల వంచుకుని, బల్ల మీద లేని పిండిని తుడుస్తూ ఉండిపోయింది. సత్యవాణి మాత్రం నవ్వింది.

"అలాగేనండి," అంది.

వాళ్లిద్దరి మధ్య ఏనాడూ లేని 'అండి' అది. హైమకి చెవులు వేడెక్కాయి. అయినా, తను చేసేదేముంది, పెద్దావిడ తీరు అలాంటిది అని సర్దిచెప్పుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దొరికింది పాపం ఆ ముసలావిడ పేరు.

రెండు ట్రేలూ దిగాయి. వెన్న వాసనకి నాగేశ్వరమ్మ లేచి వచ్చి కుర్చీ లాక్కుంది.

"వాణమ్మా, నీ చేతివేవి?"

ఆవిడే బల్ల చివరికి చూసి, "ఇవి వేరేగా పెట్టారేంటి?" అంది.

హైమ ఖాళీ ఓవెన్ తలుపు తెరిచి లోపలికి చూసింది.

"అవి కాస్త మాడాయి పిన్నిగారూ," అంది సత్యవాణి.

నాగేశ్వరమ్మ ఒకటి తీసి కొరికింది. "ఎక్కడే మాడింది? నిక్షేపంలా ఉంటేను! నా కంటి ఆపరేషన్ అప్పుడు మా కోడలు ఆడిట్‌లో పడి రాలేకపోతే, పప్పన్నం వండుకొచ్చి నీ చేత్తో కలిపి పెట్టావు. మర్చిపోతానా?"

ఆ సంగతి హైమకి తెలీదు. ఆస్పత్రి క్యాంటీన్లో తిన్నారనుకుంది. తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఎప్పుడో వదిలేసిన పట్టింపుని తను లోపల భద్రంగా దాచుకుని, పైగా ఆవిడకే అంటగట్టింది. ఆ పాపిష్టి పనిని సత్యవాణి అబద్ధమాడి మరీ కప్పిపెట్టింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది హైమకి.

సత్యవాణి వెళ్ళేటప్పుడు హైమ గేటు దాకా వెంట వచ్చింది. ముఖం చెల్లక స్కూటీ వంకే చూస్తూ, "వాణీ, మా అత్తగారు నీ గురించి ఏనాడూ ఏమీ అనలేదు. ఆ పట్టింపు నాదే," అంది.

సత్యవాణి హెల్మెట్ పెట్టుకుంది.

"నాకు అప్పుడే తెలుసండి," అని బండి స్టార్ట్ చేసింది.