వజ్రమ్మ హార్మోనియం మీద పంచామృతం

ముందు ఏడుపు వినిపించింది. హార్మోనియంలో ఒకే స్వరం, తల్లి కానరాని దూడలా ఆగకుండా అరుస్తోంది. ఆ తరువాతే తిరుత్తణి కొండ కింది పందిట్లోకి వజ్రమ్మ విసురుగా వచ్చింది.

"ఎవడు చేసినాడీ పని?"

హార్మోనియం తిత్తి ఆడిస్తున్న పందిరి పెద్ద సుందరరాజులు చేయి తీసేశాడు. "సరస్వతమ్మకు పూజ చేసినాము వజ్రా. పెట్టె మెట్లకంతా గంధం, కుంకుమ పెట్టినాము. పంచామృతం రవ్వంత వొలికింది. అంటుకుంటా ఉందని నేనే పౌడరు చల్లినాను."

"వేషాలకు పూసే పౌడరా! ఈపక్క అంటుకుంటాది, ఆపక్క జారిపోతాది. నీ మీసాలకు బెల్లం పూసి, పైన పౌడరు చల్లి పాడమంటే పాడతావా మామా?"

నాట్లు వేసే వేళ్లకు వాద్యమేమిటని సొంతూరు పాండూరంతా నవ్వినా, తండ్రి చౌడప్ప ఆమెకు హార్మోనియం నేర్పాడు. ఇన్నేళ్లూ భజన మేళం వెనక, తెర చాటునే వాయించింది. ఈ ఆడికృత్తిక పండక్కు మొదటిసారి ముందు వరసలో కూర్చోబెడతామన్నారు. ఇప్పుడేమో తిరువళ్లూరు నాగలింగం తన హార్మోనియం పెట్టె పట్టుకుని ఆ ముందు వరస చాప అంచునే నిలబడి ఉన్నాడు.

"పోనీలే అక్కా, నేను వాయిస్తా," అన్నాడు.

"నీ పెట్టె మీద నువ్వు కూర్చో నాయనా. నా చాప మీద కాదు."

మర్యాదకని తన భుజాన కప్పిన కొత్త తుండును వజ్రమ్మ లాగేసింది. కొసను తడిపి, పిండి, మెట్ల సందులన్నీ తుడవసాగింది.

"అయ్యయ్యో! అది మర్యాద తుండు!"

"మర్యాదగానే తుడస్తా ఉండాను మామా."

తెల్లటి మెట్లు ఒక్కొక్కటే తేరుకున్నాయి, వాన వెలిశాక కొంగలు లేచినట్టు. ఆ ఏడ్చిన మెట్టు మాత్రం, పైకి లాగినా, నొక్కితే మళ్లీ లేవలేదు. అప్పటికే భక్తుల మొక్కు కావళ్ల మోత కొండ మలుపు దాకా వచ్చింది. వజ్రమ్మ తుండు కొస పరపరా చింపి, ఆ మెట్టు కిందికి దిగకుండా పేలిక ఇరికించింది. చాప మధ్యన కూర్చుని పాట ఎత్తుకుంది. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ వేలు ఆగింది, గొంతు పలికింది. జనం అది కొత్త పద్ధతనుకుని తలలూపారు. ఆమె ముఖం మాత్రం పాట పొడుగునా కందగడ్డలాగే ఉంది.

కొన్నేళ్లకు ఆమె కథ రాసుకోవడానికి పాండూరు వెళ్లిన మనిషిని వాకిలిదాకా సాగనంపుతున్నప్పుడు కూడా ఆ కోపం ఆరలేదు.

"పూజ వద్దనలేదబ్బా నేను. చేసే ముందు, వాయించేదాన్ని, నన్ను ఒక్క మాట అడిగినారా? అది రాయి."