ఖాళీ కాని రాయి

దయ్యాలను నేను నమ్మను. ఇలా మొదలుపెట్టినవాళ్లంతా చివరికి నమ్మేశామంటారు. నేను అనను. నా చదువు ఫిజిక్స్. అయస్కాంత గుణమున్న పదార్థాలు, వెలుగునిచ్చే పదార్థాలు నా పని. ముప్ఫై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే.

తొంభైల చివర విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఇంకో ఏడాదిలో ఏదో ఒకటి చూపించకపోతే రిజిస్ట్రేషన్ పోతుందని మా గైడు తేల్చి చెప్పేశారు. దాంతో సున్నపురాళ్ల కోసం అరకు కొండలు పట్టుకు తిరిగాను. మెడలో దారానికి కట్టిన అయస్కాంతం, సంచిలో సుత్తి, చిన్న అతినీలలోహిత దీపం, ఒక నల్ల దుప్పటి. కనబడ్డ ప్రతి రాయికీ అయస్కాంతం ఆనించడం, తర్వాత పట్టపగలే దుప్పటి ముసుగేసుకుని దీపం కింద చూడడం. గూడేల్లో ఆడవాళ్లు "ఈ యమ్మ రాళ్లకి జొరం సూత్తందే" అని పడీపడీ నవ్వేవారు.

ఆ వేసవిలో ఒక గూడెం చివర, సామ చేను గట్టున వరుసగా నిలబెట్టిన రాళ్లు కనిపించాయి. సరిహద్దు రాళ్లనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనేలేదు. చివరి రాయి నుంచి పిడికెడు ముక్క కొట్టాను. దుప్పటి కింద అది నిప్పుకణికలా వెలిగింది. నా పంట పండిందనుకున్నాను.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఇలాంటి రాయి భూమిలోని రేడియేషన్ నుంచి కొద్దికొద్దిగా శక్తి దాచుకుంటుంది. పొడి చేసి చీకటి గదిలో వేడి చేస్తే, దాచుకున్నదంతా వెలుగై బయటికొచ్చేస్తుంది. ఒక్కసారే. మళ్లీ నిండాలంటే వేల ఏళ్లు పడుతుంది. అదే పొడిని రెండోసారి వేడి చేస్తే గ్రాఫులో బల్లపరుపు గీత రావాలి.

నా పొడి రెండోసారీ వెలిగింది. మూడోసారీ వెలిగింది. పళ్లెం మార్చాను. వేరే ల్యాబుకు వెళ్లి వాళ్ల మెషీన్ మీద చేశాను. ఆ గూడెం పక్క వాగులో ఏరిన రాళ్లు మాత్రం బుద్ధిగా ఒకసారి వెలిగి ఊరుకున్నాయి. ఈ పొడిది ఆరు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనిస్తే ఒకటే గీత.

"శాంపిళ్లు కలిపేసుంటావు" అన్నారు గైడు. ఒళ్లు మండిపోయింది. నేను అలాంటి మనిషిని కాను. ఇంకో ముక్క తెచ్చి మీ ఎదుటే చేసి చూపిస్తానని వచ్చేశాను.

కార్తీకంలో మళ్లీ వెళ్లి సుత్తి తీశానో లేదో, వెనక నుంచి ఓ ముసలామె పరుగున వచ్చింది. పేరు సోములమ్మ. చేను ఆమెదే.

"దీన్ని కొట్టింది నువ్వేటమ్మా? ఇది మా ముసిలోడి రాయి."

చనిపోయినవాళ్లకు అక్కడ రాయి నిలబెడతారట. కొత్త సామలు వండితే ముందు రాయికి పెట్టి, తర్వాతే ఇంట్లోవాళ్లు తింటారు. రాయి విరిగితే మనిషి తన చోట లేనట్టే. అందుకని ఆమె ఆ ఏడు కొత్త పంట తినలేదు. పండిన సామలు గాదెలో ఉండగా, సంతలో పాత బియ్యం కొనుక్కుని గంజి కాచుకుంటోంది.

"నాను తిట్టనమ్మా. ఆ ముక్క బేగి తెచ్చీ. ఆడు తినకుండా నానెలా తింతాను?"

సిగ్గుతో చచ్చిపోయాను.

వారంలో ముక్కా, సీసాలో పొడీ తీసుకెళ్లాను.

"అంతా తెచ్చీసేవా?" అంది.

తెచ్చేశానన్నాను. అబద్ధం. చిటికెడు పొడి ల్యాబులోనే దాచుకున్నాను. అది కూడా లేకపోతే నా మాట ఎవరు నమ్ముతారు?

ఆమె ముక్కను మట్టితో అతికించింది. పొడిని రాయి మొదట్లో పోసింది. ఆకులో సామన్నం పెట్టి కాసేపు కూర్చుంది. తర్వాత తను తింది. నా మాట నమ్మి తింది. నాకూ ఓ ముద్ద పెట్టింది.

మర్నాడు గైడును నిలబెట్టి, దాచుకున్న చిటికెడు వేడి చేశాను. ఏమీ రాలేదు. బల్లపరుపు గీత. మెషీన్ చెడిందేమోనని వాగురాయి పెట్టాను, వెలిగింది. మళ్లీ నా పొడి పెట్టాను. చీకటి. "చెప్పానుగా" అని ఆయన వెళ్లిపోయారు.

తర్వాత వాగురాళ్లతోనే థీసిస్ పూర్తి చేశాను, డాక్టరేటూ వచ్చింది. ఆ ఆరు గ్రాఫులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. నా కొలతలో తప్పు లేదు, ఎవరితోనైనా పందెం కాస్తాను. దయ్యాలను ఇవాళ్టికీ నమ్మను. ఆ పొడి అన్నిసార్లు ఎందుకు వెలిగిందో, ఎందుకు ఆరిపోయిందో మాత్రం నాకు తెలీదు.

అంతా ఇచ్చేశానని సోములమ్మకు అబద్ధం చెప్పాను. ఆమె ఆ సామన్నం తిన్నాక, ఆ అబద్ధం నిజమైపోయింది.