ఏడో వరసలో రెండు పిక్కలు

నా చిన్నప్పుడు, పామర్రు దగ్గర మా ఊరి బడిలో ఎక్కాలు అప్పజెప్పించడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తప్పు చెబితే, ఒప్పు చెప్పినవాళ్ళు వాళ్ళ ముక్కు పట్టుకుని చెంప మీద ఒక్కటివ్వాలి. మూడో తరగతిలో ఆ ఒప్పు చెప్పేది ఎప్పుడూ నేనే. అలా ముక్కులు పట్టుకోవడం నాకెంత సరదాగా ఉండేదో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒకరోజు మా మాస్టారు ఏదో పనిమీద పామర్రు వెళ్తూ, క్లాసు చేత ఎక్కాలు చెప్పించమని నాకు అప్పగించారు. ఇంకేం, ఆయనలాగే బెత్తం ఊపుతూ నిలబడ్డాను. ఏడో ఎక్కంలో నోరు జారి "ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నాను. క్లాసంతా అదే అరిచింది. వెనక వరసలో ఒక్క అమ్మాయి మాత్రం "యాభై ఆరు కదా" అంది. వాళ్ళమ్మ మా పొలంలో నాట్లు వేసేది. తప్పు నాదేనని ఆ క్షణంలోనే తెలిసింది. అయినా అందరి ముందూ ఒప్పుకోబుద్ధి కాలేదు. వెళ్ళి ఆ అమ్మాయి ముక్కు పట్టుకుని గట్టిగా కొట్టాను.

మాస్టారు తిరిగొచ్చేసరికి ఆ బుగ్గ ఇంకా ఎర్రగానే ఉంది. ఏమైందని ఆయన అడగ్గానే, తను తప్పు చెప్పిందని నేనే ముందు చెప్పేశాను. ఆయన చింతపిక్కల డబ్బా తెచ్చి, "ఏడు వరసలు పేర్చమ్మా, వరసకి ఎనిమిది" అన్నారు నాతో. పిల్లలంతా చుట్టూ మూగారు. ఆరు వరసలు సరిగ్గానే పేర్చాను. ఏడో వరసలో మాత్రం ఆరు పెట్టి, మిగతా రెండూ గుప్పిట్లో దాచేశాను. లెక్కపెట్టి "యాభై నాలుగేనండీ" అన్నాను.

వరసలుగా పేర్చినప్పుడు దొంగతనం దాగదని ఆ వయసులో నాకేం తెలుసు! చివర రెండు పిక్కల చోటు బోసిగా కనబడుతూనే ఉంది. మాస్టారు నా గుప్పిటి వంక చూశారు. "పిక్కలు చాలినట్టు లేవు" అంటూ, సగం నిండుగా ఉన్న ఆ డబ్బాలోంచే రెండు తీసి అక్కడ పెట్టారు. తర్వాత ఆ అమ్మాయిని పిలిచి లెక్కపెట్టమన్నారు. ఒక్కొక్క పిక్క మీదా వేలు పెట్టి, యాభై ఆరు దాకా పైకే లెక్కపెట్టింది.

"మరి ఏడెనిమిదులు ఎంతమ్మా?" అన్నారు మాస్టారు.

ఆ అమ్మాయి నా మొహం వంక చూసింది.

"యాభై నాలుగండీ" అంది.

మాస్టారు నా వైపు తిరిగి, "బాగానే నేర్పావమ్మా" అన్నారు మెల్లగా. తిట్టినా కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. ఆ రోజుతో మా బడిలో ముక్కులు పట్టుకోవడం మానిపించారు.

మరుసటేడు ఆ అమ్మాయి బడి మానేసి వాళ్ళమ్మతో నాట్లకి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇబ్బందులట. నా వల్లే అని ఎవరూ అనలేదు, నేను మాత్రం ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. మా పొలం గట్టు మీద ఎన్నోసార్లు ఎదురుపడింది. తప్పు నాదని ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు పటమటలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రాలు మనవరాలి చేత ఎక్కాలు చెప్పిస్తాను. జవాబు చెప్పేముందు అది నా మొహం వంక చూసిందంటే చాలు, ప్రాణం ఉసూరుమంటుంది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. నేను కనబడననుకున్నాక, అక్కణ్ణుంచి అంటాను, "ఇప్పుడు చెప్పు తల్లీ" అని.