హంతకుడెవరో చెప్పొద్దు

మా తెలుగువాళ్ళ పుస్తకావిష్కరణ సభల్లో ఒక ఆచారం ఉంది. రంగు కాగితం విప్పి, అతిథులంతా పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకుని ఫొటో దిగాక, ఒక పెద్దాయన మైకు ముందుకొచ్చి పుస్తక పరిచయం చేస్తారు. పరిచయం అంటే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కథంతా చెప్పేయడం. కవిత్వమైతే ఫరవాలేదు. కుటుంబ నవలైనా సర్దుకోవచ్చు. నేను రాసింది హత్య కథ!

ఢిల్లీ లక్ష్మీనగర్‌లో సివిల్స్‌కి చదివే మన పిల్లలుండే ఒక పీజీ హాస్టల్. దాని యజమానిని ఎవరో చంపేస్తారు. ఎవరన్నది చివరి పేజీల దాకా తెలియదు. ఆ ఒక్క పేరు దాచడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. వైశాలి నుంచి గురుగ్రామ్ ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ ఫోన్లో రాసేదాన్ని, వస్తూ కొట్టేసేదాన్ని. మా అమ్మాయి "మమ్మీ, కిస్‌నే మారా? బస్ నామ్ బతా దో" అని, ఎవరు చంపారో పేరొక్కటి చెప్పమని ఎంత ప్రాణం తీసినా నోరు విప్పలేదు.

విజయవాడ ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు వచ్చిన రోజు నేను నేల మీద లేను. తాడు కోసే ఓపిక లేక పళ్ళతో లాగాను. అట్ట నిమిరాను, వాసన చూశాను, సోఫాలో పక్కన పెట్టుకుని టీ తాగాను. "పాగల్ హో గయీ హో" అంది మా అమ్మాయి. అవును, పిచ్చే. కాదని ఎవరన్నారు?

ఆ సంబరంలో ఉండగానే అంకుల్ గుర్తొచ్చి గుండెల్లో రాయి పడింది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఢిల్లీలో ఏ తెలుగు పుస్తకం వచ్చినా పరిచయం ఆయనదే. ఆయన్ని కాదని ఇంకొకరిని పిలిస్తే ఇక్కడ మన మొహం చూసేవాళ్ళుండరు. పైగా మంచి గొంతు, అంతకు మించిన జ్ఞాపకశక్తి. నా ఖర్మంతా అక్కడే ఉంది. నా కిందటి నవలను ఆయన ఎంత బాగా చెప్పారంటే, సభ అయ్యాక జనం నా చేతులు పట్టుకుని "అద్భుతమండీ, మొత్తం కళ్ళకు కట్టింది" అని, సమోసాలు తిని వెళ్ళిపోయారు. కట్ట విప్పకుండానే పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన భార్య, మా ఆంటీ, ప్రతి సభకూ వస్తారు కానీ ఒక్క పుస్తకమూ ముట్టరు. "మా ఆయన చెప్తారుగా అమ్మా, మళ్ళీ చదవడం దేనికి?" అంటారు.

ఈసారీ అలాగే జరిగితే నా నవల పుట్టిన రోజే పోతుంది. పుస్తకం ముందుగా ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బతిమాలుకున్నాను.

"అంకుల్, చివర్లో ఆ పేరొక్కటీ చెప్పకండి, ప్లీజ్."

"అదేంటమ్మా! సగం చెప్పి కూర్చుంటే, ఈయన పుస్తకం పూర్తిగా చదవలేదనుకోరూ?"

"అనుకోరండీ, నేను చెప్తాగా."

"సభ సంగతి నాకొదిలెయ్యి. ఠీక్ హై?"

ఏం ఠీక్ హై, నా తలకాయ! పైకి మాత్రం నవ్వాను. ఆంటీ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, పుస్తకం అటూ ఇటూ తిప్పి, మొదటి పేజీ మీద ఆగారు. "ఇదేంటమ్మాయ్, అప్పుడే శవం!" అన్నారు.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. గురుగ్రామ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళొచ్చారు. లక్ష్మీనగర్ పిల్లలు గుంపుగా వచ్చి "మేడం, అది మా హాస్టలే కదా?" అని నన్ను చుట్టుముట్టారు. శాలువా కప్పించుకుని కొత్త పెళ్ళికూతురిలా కూర్చున్నాను. అంకుల్ లేచారు.

అబ్బ, ఏం చెప్పారండీ! రాసిన నాకే ఒళ్ళు జలదరించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తాళంచెవి, శవం పక్కన ఒలికిన పాలు, ఒక్కటీ వదల్లేదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను, నా భయం నాది.

"ఇంతకీ హంతకుడెవరు?" అంటూ కళ్ళద్దాలు తీశారు. ఆయన కళ్ళద్దాలు తీశారంటే కథ చివరికొచ్చేసినట్టే. శాలువా కింద తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను.

"ఏవండీ! ఆగండి!"

ముందు వరసలో ఆంటీ లేచి నిలబడ్డారు. చేతిలో నా పుస్తకం. చివరి పేజీల మధ్య వేలు పెట్టి పట్టుకున్నారు.

"నాకింకా రెండు చాప్టర్లున్నాయి. ఇప్పుడు చెప్పారంటే ఊరుకునేది లేదు!"

అంకుల్ మైకు పక్కకు జరపడం మర్చిపోయారు. "నువ్వు... చదువుతున్నావా?" అన్న మాట హాలంతా వినబడింది.

"మీరు వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా! వారం నుంచి కూరలు ఎందుకు మాడుతున్నాయనుకున్నారు మరి?"

హాలు గొల్లుమంది. లక్ష్మీనగర్ పిల్లలు "చెప్పొద్దు అంకుల్!" అని అందుకున్నారు. ఆ వెంటనే అన్ని వరసల నుంచీ "వద్దు, వద్దు!" అంటూ కేకలు. మా అమ్మాయైతే కుర్చీ ఎక్కి "మత్ బతాయియే!" అని అరిచింది. అంకుల్ మొహం చిన్నబోయింది. నాలుక చివర దాకా వచ్చిన పేరును మింగేయాలంటే ఎంత కష్టమో! నిజంగానే జాలేసింది. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "సరే, చదువుకోండి" అని కూర్చున్నారు.

పుస్తకాల బల్ల దగ్గర తోపులాట మొదలైంది. నేను వరసగా సంతకాలు పెడుతూ కూర్చున్నాను. ఆంటీ టీకి లేవలేదు, కబుర్లకూ లేవలేదు, ఓ మూల కుర్చీలో తల వంచుకుని చదువుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి "ఓరి దేవుడో!" అని కేక. అందరూ తిరిగి చూసేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తిన్నగా నా దగ్గరకొచ్చి చెయ్యి గిల్లారు.

"ఎంత పని చేశావే! ఆ మనిషి మీద నేను వారమంతా జాలిపడ్డానే!"

నాకు ఏడుపొచ్చేసింది. శాలువాతో సహా ఆవిడను వాటేసుకున్నాను. ఇంతకన్నా రచయితకు ఇంకేం కావాలి?

పక్కనే అంకుల్ చల్లారిన టీ పట్టుకుని అలిగి నిలబడ్డారు. "అందరూ కలిసి నా నోరు కట్టేశారు. ఇప్పుడిదంతా నేనెవరితో చెప్పుకోవాలి?"

"నాతో చెప్పండి," అన్నారు ఆంటీ. "ఇన్నేళ్ళూ మీరు చెప్తే విన్నాను. ఈసారి నాకూ తెలుసుగా."

ఆ తర్వాత మెట్రో ప్లాట్‌ఫామ్ మీద మళ్ళీ కనిపించారు. బెంచీ మీద కూర్చుని ఒకటే వాదన. "తాళంచెవి దగ్గరే నాకు అనుమానమొచ్చింది" అంటున్నారు ఆంటీ. "అబద్ధం! నాకే రాలేదు, నీకెలా వస్తుంది?" అంటున్నారు అంకుల్. అంతలో లక్ష్మీనగర్ పిల్లలిద్దరు కొత్త పుస్తకాలు పట్టుకుని వాళ్ళ పక్కకొచ్చి నిలబడ్డారు. ఆయనా, ఆవిడా ఒకేసారి నోళ్ళు మూసుకున్నారు.