కదలని చెయ్యి

ఏడో తరగతితో బడి మానేసిన మల్లీశ్వరికి 2004 వేసవిలో అయిజలోని ఒక చిన్న దవాఖానలో ఆయా పని దొరికింది. కట్లు మార్చేటప్పుడు రోగుల చెయ్యి పట్టుకునేది. మాట్లాడాలంటే సిగ్గు. చూడడం మాత్రం బాగా చూసేది.

ఒకరోజు రాజోలి నుంచి చీరలు నేసే రుక్కమ్మ వచ్చింది. మరుగుతున్న రంగునీళ్లు పడి ఆమె కుడిచెయ్యి కాలింది. నర్సు ఉమారాణి ఉప్పునీళ్లతో పాత కట్టు తడిపి కొస పట్టుకుందో లేదో, రుక్కమ్మ చెయ్యి లాక్కుని లేచింది.

"నాతోని కాదు. ఇంటికి పోత!"

"పోతే వేళ్లు ముడుచుకపోతయ్ అక్కా. మళ్ల మగ్గం ఎక్కవు," అంది ఉమారాణి.

రుక్కమ్మ కూర్చుంది గానీ మల్లీశ్వరి పట్టుకున్న ఆ చెయ్యి వణుకు ఆగలేదు. ఆమె కట్టుకున్న పాత గద్వాల చీర మీద మల్లీశ్వరి చూపు పడింది. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, నోరు తెరిచింది.

"అక్కా, నూలు చీరకు గీ పట్టంచు సూదితోని కుడతరా?"

"సూదితోనా!" రుక్కమ్మ కళ్లెర్రజేసింది. "మంచిగనే ఉంది నీ తెలివి! అడ్డపోగు దూర్చే నాడె చీర ఒంటికొకటి, అంచుకొకటి. రెండు పోగులు మగ్గం మీదనే ఒకదాన్నొకటి పట్టుకుంటయ్."

"ప్రతి వరుసకా?"

"మరి! ఒక్కటి తప్పినా అంచు ఊడొస్తది..."

ఎడమచేత్తో గాలిలో నాడె విసురుతూ చెబుతూనే ఉంది. మల్లీశ్వరి కిందికి చూసింది. తను పట్టుకున్న కుడిచెయ్యి కదలడం లేదు! పాత కట్టు ఊడింది, కొత్తది పడింది.

"అయిపాయెనా?" రుక్కమ్మ నోరెళ్లబెట్టింది.

మర్నాడు తనే వచ్చి కూర్చుని చెయ్యి చాపింది.

"ఏం పిల్లా, ఇయ్యాల ఏం తెల్వదు నీకు?"

మల్లీశ్వరికి నవ్వాగలేదు. అంచు మీది నెమళ్లతో మొదలుపెట్టింది.