కాలువ కట్ట మీద విరిగిన పిన్ను

మొన్న జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో పోతుంటే, పసుపు తవ్వడానికి ఆడకూలీలను ఎక్కించుకుని కాలువ కట్ట ఎక్కుతున్న ట్రాక్టరొకటి కిటికీలోంచి కనిపించింది. లోహాలు ఎందుకు విరుగుతాయో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్యనున్న ఇనుప పిన్ను వైపు చూడలేక గట్టిగా కళ్లు మూసుకున్నాను.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఊరికి ఒక్క ట్రాక్టరుంటే గొప్ప. గుంట భూమి లేని మా ఇంట్లో, పటేలు ట్రాక్టరు నడిపే మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, పిల్లలకు రాజులాగే కనిపించేవాడు. ఒక పొద్దున కథలాపూర్ దిక్కు కూలీలను తీసుకుపోతుండగా, కట్ట ఎక్కేచోట ఆ పిన్ను విరిగి ట్రాలీ వెనక్కి దొర్లి కాలువలో బోర్లాపడింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు గానీ మా చిన్నమ్మ, ఆయన సొంత భార్య, మళ్లీ లేవలేదు. క్లచ్చు ఒక్కసారే ఇడిచి గుంజిండు, అందుకే ఇరిగింది అని ఊరు ఊరంతా అన్నది. ఆ మాట నిజమేననుకుని ఆయన మళ్లీ స్టీరింగు ముట్టలేదు. సిరిసిల్లకు పోయి మరమగ్గాల షెడ్డులో నూలు చుట్టిన బీములు మోసే పనికి కుదిరాడు.

విరిగిన పిన్ను ముక్కను మా బాపు ఎందుకు దాచాడో గానీ, నూనెగుడ్డలో చుట్టి దూలం సందున పెట్టాడు. లోహశాస్త్రం చదవడానికి హైదరాబాదు చేరిన నేను ఒకసారి సెలవులకు వచ్చి దాన్ని పట్టుకుపోయాను. సూక్ష్మదర్శిని కింద, చెరువు ఎండేకొద్దీ ఒడ్డున మిగిలే చారల్లాంటి గీతలు కనిపించాయి. ఒక్క గుంజుకు విరిగిన ఇనుములో అవి ఉండవు. పగులు లోలోపల చాన్నాళ్లు పెరిగితేనే పడతాయి. ఆనందంతో ఏడ్చి, ఆ వారమే సిరిసిల్ల బస్సెక్కాను.

మగ్గాల చప్పుడులో వినబడదని ఆయన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయాను. "చిన్నబాపూ, నీ తప్పేం లేదు. గా పిన్నుల పగులు ఎన్నో దినాల సంది పెరుగుకుంట అచ్చింది. ఎవలు నడిపినా ఇరుగుతుండె" అన్నాను.

ఆయన మొహం వెలుగుతుందని ఎదురుచూశాను. టీ గ్లాసు పక్కన పెట్టి, "గన్ని దినాల సందా?" అని అడిగాడు. ఔనన్నాను.

"రోజు పొద్దుగాల దానికి గ్రీజు వెట్టింది నేనే గద కొడుకా. అంటే గా పగులు నా చేతులల్లనే ఉండె. గిన్నేండ్లు గదంత ఒక్క గడియల అయిపోయిందనుకున్న."

టీ తాగకుండానే లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాత తలుపు గడియ గానీ, సైకిలు గానీ, ఏ ఇనుము కనిపించినా వేళ్లతో తడిమి తడిమి చూసేవాడట. చివరి దినాల్లో ఇనుప మంచం పట్టీని కూడా అట్లాగే తడిమాడని మా బాపు చెప్పాడు.

ఇప్పుడు పగులు వెంట్రుకంత కాకముందే శబ్దతరంగాలతో పట్టేస్తున్నారు; నేను వారాల తరబడి కూర్చున్న పనిని నా విద్యార్థులు ఒక్క పూటలో తెర మీద చూసేస్తున్నారు. ఈ సాధనాలు ఆనాడు మా దిక్కు ఉంటే చిన్నమ్మ బతికేదే. కానీ నన్ను వదలనిది అది కాదు. ఆ రోజు నేను సిరిసిల్ల బస్సెక్కకపోయి ఉంటే, చిన్నబాపు ఊరివాళ్ల నింద ఒక్కటే మోసుకుంటూ, కాస్త తేలికగా పోయేవాడేమో.