పెద్దత్త పేరు మీద చెప్పిన మాట

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా ఎన్నడూ పెట్టలేదు. పదకొండేళ్ళ వయసులో నేను పెద్దత్త పేరు మీద ఒక అబద్ధం చెప్పాను.

పెద్దత్త అంటే మా ఇంటి మనిషి కాదు, రేడియో. మొన్న ఆదివారం పేపర్లో, ఏదో దూరదేశంలో జనం తమ ప్రభుత్వ రేడియోను ముద్దుగా ఆంటీ అని పిలుచుకుంటారని చదివి, చేతిలో టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. భిలాయి ఉక్కు ప్లాంటు వాళ్ళ రుఆబాంధా క్వార్టర్లలో, మా వీధిలో, మేం ఎవరిని చూసీ నేర్చుకోకుండానే ఢిల్లీ నుంచి మాట్లాడే రేడియోకు పెద్దత్త అని పేరు పెట్టుకున్నాం. గొంతు పెంచకుండా, ఎవరి పక్షమూ వహించకుండా, చెప్పాల్సింది చెప్పి ఊరుకునే పెద్ద మేనత్త మా తెలుగు ఇళ్ళల్లో ఎక్కడో ఒకచోట ఉండేది కనుక ఆ వరస అలా కుదిరిపోయి ఉంటుంది. మమ్మల్ని చూసి పక్క క్వార్టరు బీహారు వాళ్ళు కూడా, హిందీలో మేనత్తను పిలిచినట్టు, బువాజీ అనడం మొదలుపెట్టారు. పొద్దున్నే సంగీతం వినిపిస్తే పెద్దత్త లేచిందనేవారు, ఇంకా పక్క దిగని పిల్లలకు తిట్లు మొదలయ్యేవి. గరగరలాడితే జలుబు చేసిందనేవారు. దేశంలో పెద్దవాళ్ళెవరైనా పోయి రోజంతా సారంగి మాత్రమే వినిపిస్తే, పెద్దత్త మైలలో ఉందని చెప్పి వీధిలో మమ్మల్ని గట్టిగా నవ్వనిచ్చేవారు కాదు.

మా నాన్నమ్మ శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డునున్న పల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉండేది. కళ్ళకు శుక్లాలు, టీవీ కనిపించేది కాదు. హిందీ ఎన్నేళ్ళయినా అబ్బలేదు. అందుకని సాయంత్రం హిందీ వార్తలొచ్చే ఆ కాసేపూ నేను పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాలి. “పెద్దత్త ఏటంతందే అమ్మీ?” అని ఆవిడ అడగడం, హిందీ ముక్కలు కలిపి నేను చెప్పడం, వాటిని ఆవిడ నవ్వకుండా సరిదిద్దడం, ఇదే నాకు తెలిసిన తెలుగు బడి. నవ్వకుండా అని ఎందుకన్నానంటే, సెలవులకు ఆ పల్లెకు వెళ్ళినప్పుడు వరసకు బావలయ్యే పిల్లలు, “ఓలమ్మో, బిలాయి దొరసాని మాటాడతందర్రా!” అని నా మాటను నాకే వెక్కిరించి చూపించారు. ఆ తర్వాత నాన్నమ్మ ముందు తప్ప ఎవరి ముందూ నేను తెలుగులో నోరు విప్పలేదు.

దసరా వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం అమ్మ పక్కనే ఉన్న భిలాయి-3 ఊళ్ళో మావయ్య ఇంటికి వెళ్ళింది, నాన్న సెకండ్ షిఫ్టులో ఉన్నారు, టీవీ రిపేరులో ఉంది. తుపాను మర్నాటికి శ్రీకాకుళం తీరం దాటుతుందని, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు గట్టి భవనాల్లోకి వెళ్ళిపోవాలని పెద్దత్త ఎప్పటిలాగే నిదానంగా చెప్పింది. నాన్నమ్మ చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆవిడ చెల్లెలు, నా చిన్ననాన్నమ్మ, ఆ పల్లెలో మట్టిగోడల ఇంట్లో ఒక్కతీ ఉండేది. ఉన్నది ఉన్నట్టు చెబితే తర్వాతేమవుతుందో నాకు క్షణంలో తెలిసిపోయింది. నన్ను మార్కెట్టులో ఫోన్ బూత్‌కు పంపుతుంది. అక్కడ వరసలో నిలబడ్డ జనం ముందు ఆ పల్లెలో ఫోనున్న కొట్టుకు కలిపి, లైనులో వినబడాలని నేను అరిచి అరిచి తెలుగులో మాట్లాడాలి. అవతల ఫోనెత్తేది ఆ బావల్లోనే ఒకడు.

ఒరిస్సా వైపు మళ్ళిపోయిందంట నాన్నమ్మా, అన్నాను.

నాన్నమ్మ ఊపిరి వదిలి, రేడియో ఉన్న వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

మర్నాడు ప్లాంటులో విని నాన్న ఫోను చేసేసరికి లైన్లు తెగిపోయాయి. మూడో రోజు కబురు వచ్చింది. గోడ కూలింది, చిన్ననాన్నమ్మ దాని కింద ఉండిపోయింది. ఆ సాయంత్రమే ఫోను చేసి ఉంటే ఆవిడ ఇల్లు వదిలి ఊరి బడి భవనంలోకి వెళ్ళేదో, మొండికేసి అక్కడే ఉండేదో నాకు తెలియదు. తెలియకపోవడమే ఇన్నేళ్ళుగా నాతో ఉంది. పెద్దత్త ముందే చెప్పలేదా అమ్మా, అని నాన్న అడిగితే నాన్నమ్మ గోడ వైపు చూస్తూ, “పెద్దత్త కూడా అబద్దమాడీసిందిరా” అంది. నాన్న ఒకసారి నా వైపు చూశారు. నేను పుస్తకంలో పేజీ తిప్పాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రేడియో మీద పాత చీర ముక్క కప్పి ఉండేది. పక్కింట్లో బువాజీ గొంతు వినబడితే నాన్నమ్మ లేచి కిటికీ మూసేది. నన్ను మాత్రం ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఏటంతందే అని మాత్రం మళ్ళీ ఎన్నడూ అడగలేదు. నేను ఎవరికీ తెలియకుండా తెలుగు నేర్చుకున్నాను, పాత పుస్తకాలు తెచ్చుకుని, పెదవులు కదుపుతూ, ఇదిగో ఈ నాలుగు వాక్యాలు రాసేటంతగా.

ఇప్పుడు మా వీధిలో సగం క్వార్టర్లకు తాళాలున్నాయి. తుపాను పుట్టీ పుట్టకముందే ఎవరి భాషలో వాళ్ళకు ఫోనులో కబురు అందుతుంది, మధ్యలో ఏ పిల్లా కూర్చుని చెప్పనక్కర్లేదు. మంచిదే. కానీ అన్ని గొంతుల్లో ఏ ఒక్కదాన్నీ ఎవరూ వరస కలిపి పిలవరు. తప్పు జరిగితే అత్త అనుకుని నొచ్చుకోవడానికీ, అత్తే కదా అని మళ్ళీ దగ్గరకు తీసుకోవడానికీ అక్కడ ఎవరూ లేరు.

నేను కాలేజీలో ఉండగా నాన్నమ్మను ప్లాంటు ఆసుపత్రిలో చేర్చారు. ఒక ఉదయం పక్క మంచం వాళ్ళ ఫోనులో పెద్దత్త లేచిన సంగీతం వినిపించింది. ఆపమని చెప్పడానికి నేను లేవబోతే, నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. సంగీతం అయిపోయేదాకా విని, నా వేళ్ళు తడుముతూ నెమ్మదిగా అంది.

“పెద్దత్త మీద నాకు కోపం నేదని సెప్పు, అమ్మీ. సిన్నది కదా, బయపడిపోయుంటాది.”